బగ్గీ లాగడం లేదా? తక్కువ ఖర్చులో ఇంజను బలం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇనుప పైపులు వంచి, వెల్డింగు చేసి, సొంతంగా బగ్గీ కట్టుకునేవారు గోదావరి జిల్లాల్లో తక్కువేమీ కాదు. కాలేజీ ప్రాజెక్టు కోసం కట్టినవారు కొందరు, రొయ్యల చెరువు గట్ల మీద మేత బస్తాలు మోయడానికి కట్టినవారు కొందరు. ఏ కారణమూ లేక సరదాకు కట్టినవారే ఎక్కువ. వీరంతా మా షెడ్డుకు వచ్చి చివరికి అడిగేది ఒకటే: బలం చాలడం లేదు, జేబు ఖాళీ కాకుండా ఎలా పెంచాలి?

ఈ జవాబుల్లో ఎక్కువ భాగం నీళ్ల పంపులకు వాడే 196 సీసీ తరగతి సింగిల్ సిలిండర్ పెట్రోలు ఇంజను బిగించిన బండ్ల గురించి. మన దగ్గర చవకగా దొరికేది అదే. మోటారుసైకిల్, కారు ఇంజన్ల సంగతి చివర్లో ఉంది.

ఓడలరేవు బీచి ఇసుకలో నా బండి పది అడుగులు వెళ్లి ఆగిపోతోంది. ఇంజను చిన్నదైపోయిందా?

కావచ్చు. అయితే ముందు లెక్క చూడండి. బండి, నడిపే మనిషి కలిపి 300 కిలోలు అనుకుందాం. మెత్తటి పొడి ఇసుకలో చక్రం దొర్లాలంటే బరువులో ఐదో వంతు, అంటే 60 కిలోల తోపు కావాలనుకుందాం. ఆ తోపుతో గంటకు 20 కిలోమీటర్ల వేగం నిలబెట్టడానికి చక్రం దగ్గర సుమారు 4.4 హార్స్‌పవర్ కావాలి. ఈ తరగతిలోని హోండా జీఎక్స్200 ఇంజను నిమిషానికి 3600 చుట్ల దగ్గర ఇచ్చేది 5.5. చైను, క్లచ్చు, బేరింగులు కలిసి అందులో ఏడో వంతు తిన్నా మిగిలేది 4.7. అంటే 20 కిలోమీటర్లకే మీ ఇంజను బలమంతా అయిపోయింది. ఇక ఎత్తు ఎక్కడానికి, మలుపు తిరగడానికి ఏమీ మిగలలేదు.

అదే బండి గట్టిపడిన పుంతలో అదే వేగంతో వెళ్తే అర హార్స్‌పవర్ చాలు. అందుకే ఇంటి దగ్గర గుర్రంలా పరిగెత్తిన బండి సముద్రపు ఒడ్డున గాడిదలా మొరాయిస్తుంది. ఇంజను రెండు చోట్లా ఒకటే, నేల వేరు.

ఇప్పుడు టైర్లలో గాలి తగ్గించారనుకోండి. టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకలో దిగబడడం తగ్గుతుంది. ఐదో వంతు కావలసిన తోపు వందకు 15 వంతులకు దిగితే కావలసిన బలం 4.4 నుంచి 3.3కు పడిపోతుంది. ఒక్క రూపాయి పెట్టకుండా ఒక హార్స్‌పవర్‌కు పైగా మిగిలింది. ఇంజను మీద అంత సంపాదించాలంటే ఎంత ఖర్చవుతుందో కింద చదివితే తెలుస్తుంది. ఏటీవీ (నేల బాటల్లో తిరిగే నాలుగు చక్రాల చిన్న బండి) టైర్లలో కారు టైరుకు కొట్టినట్టు గాలి కొట్టించుకుని వచ్చేవారిని నేను చాలామందిని చూశాను. చాలా ఏటీవీ టైర్లకు ఇసుకలో 5 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) సరిపోతుంది. టైరు మీద కనిష్ఠం రాసి ఉంటే దానికంటే దిగకండి. దిగితే మలుపులో టైరు రిమ్ము వదిలేస్తుంది.

ఇంజను నిజంగా ఎంత బలం ఇస్తోందో యంత్రం లేకుండా తెలుసుకోవచ్చా?

ఫోను చాలు. గట్టి నేల మీద, గాలి లేని ఉదయం వేళ, బండిని నిశ్చలంగా నిలిపి పూర్తి యాక్సిలరేటరుతో బయలుదేరండి. ఫోనులోని జీపీఎస్ స్పీడోమీటరు 30 చూపించేసరికి ఎన్ని సెకన్లు పట్టిందో పక్కన కూర్చున్న మనిషి చూడాలి. అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు చేసి సగటు తీయండి.

300 కిలోల బరువును గంటకు 30 కిలోమీటర్ల వేగానికి తేవడానికి సుమారు 10,400 జౌళ్ల శక్తి కావాలి. అది 5 సెకన్లలో జరిగితే సగటున 2.8 హార్స్‌పవర్ చక్రానికి చేరిందని అర్థం. 4 సెకన్లయితే 3.5. పక్కన కూర్చున్న మనిషి బరువు కూడా లెక్కలో కలపడం మరవకండి. నేల రాపిడి ఇందులో లేదు కాబట్టి ఈ అంకె అసలు బలం కంటే కొంచెం తక్కువే చూపిస్తుంది. పరవాలేదు. మనకు కావలసింది మార్పుకు ముందు, మార్పు తరువాత ఉన్న తేడా. ఒక నోటుపుస్తకం పెట్టుకుని తేదీ, ఎండ ఎంత ఉంది, టైర్లలో గాలి ఎంత, ఏం మార్చారు, ఎన్ని సెకన్లు అని రాసుకోండి. ఈ పుస్తకం లేనివారు కొత్త సైలెన్సరు చప్పుడునే బలం అనుకుని మురిసిపోతారు.

డబ్బు పెట్టకుండా ముందు ఏమేమి చూడాలి?

మొదట యాక్సిలరేటరు పెడలు. నవ్వకండి. పెడలు అడుగుకు తొక్కి పట్టుకోమని ఒకరికి చెప్పి, ఎయిర్ ఫిల్టరు విప్పి, కార్బురేటర్ లోపల పళ్లెం పూర్తిగా తెరుచుకుందో లేదో కంటితో చూడండి. భీమవరం వైపు నుంచి ఒక కుర్రవాడు బలం చాలడం లేదంటూ ఇంజను మార్పించుకోవడానికి డబ్బు కూడబెట్టుకుని వచ్చాడు. అతని బండిలో కేబులు వదులై పళ్లెం మూడింట రెండు వంతులే తెరుచుకుంటోంది. కేబులు బిగించి పంపేశాను. ఆ డబ్బుతో హెల్మెట్టు కొనుక్కున్నాడు.

రెండోది బ్రేకు. వెనుక చక్రాలు జాకీ మీద లేపి చేత్తో తిప్పండి. తేలికగా రెండు మూడు చుట్లు తిరగాలి. మన నేలలో ఒండ్రు బురద బ్రేకుల్లో చేరి ఎండితే సిమెంటులా బిగుస్తుంది. బ్రేకు పట్టేసిన బండి రోజంతా ఎద్దును వెనక్కి లాగుతున్న బండి లాంటిదే.

మూడోది పెట్రోలు ట్యాంకు మూత. మూతలోని గాలి రంధ్రం బురదతో పూడుకుపోతే బండి పది నిమిషాలు బాగా నడిచి తరువాత నీరసపడుతుంది. ఆపి మూత తెరిస్తే బుస్సుమని గాలి లోపలికి వెళ్తుంది, బండి మళ్లీ బాగుంటుంది. ఈ లక్షణం కనబడితే కార్బురేటర్ జోలికి వెళ్లకండి, పిన్నీసు చాలు.

నాలుగోది ఇంజను ఆయిల్. ఈ తరగతి ఇంజనుకు 0.6 లీటరు చాలు. మంచిది కదా అని లీటరు పోస్తే తిరిగే భాగాలు ఆ నూనెను చిలుకుతూ కూర్చుంటాయి. అదనపు నూనె శ్వాస గొట్టం ద్వారా ఎయిర్ ఫిల్టరులోకి ఎగదన్ని దాన్నీ పూడ్చేస్తుంది.

టాపెట్ సెట్టింగుతో, అంటే వాల్వుల దగ్గర ఖాళీ సరిచేస్తే, బలం పెరుగుతుందా?

పెరగదు, పోయినది తిరిగి వస్తుంది. సెకండ్ హ్యాండ్ పంపు ఇంజను కొన్నవారికి ఈ తేడా ముఖ్యం. చల్లారిన ఇంజనులో ఇన్‌లెట్ వాల్వుకు 0.15 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వాల్వుకు 0.20 ఖాళీ ఉండాలి. ఇవి జీఎక్స్200 కొలతలు. మీది వేరే రకమైతే దాని పుస్తకం చూడండి. ఖాళీ బొత్తిగా లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది, వాల్వు అంచు కాలిపోతుంది. ఈ ఖాళీని కొలిచే పలచటి రేకులు, అంటే ఫీలర్ గేజ్, ఖరీదు వందల్లోనే ఉంటుంది, పని అరగంట.

తాడు లాగి కంప్రెషన్ గేజ్ చూసి కంగారుపడకండి. ఇలాంటి ఇంజన్లలో సులువుగా స్టార్టు కావడానికి కంప్రెషన్‌ను కొంచెం వదిలేసే ఏర్పాటు ఉంటుంది కాబట్టి గేజ్ ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. పిస్టన్‌ను పైకి తెచ్చి, ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసరు గాలి పంపి ఎక్కడ బుసకొడుతోందో వినండి. సైలెన్సరులో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బురేటర్‌లో వినిపిస్తే ఇన్‌లెట్, ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే రింగులు. గాలి పట్టేటప్పుడు పిస్టన్ ఒక్కసారిగా కిందికి తన్నుతుంది, చేతులు ఫ్లైవీల్‌కు దూరంగా పెట్టుకోండి.

వెనుక స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) మారిస్తే ఎంత లాభం?

పెట్టిన ప్రతి రూపాయికీ ఎక్కువ ఫలం ఇచ్చేది నా అనుభవంలో ఇదే. ఇంజను బలం అంగుళం కూడా పెరగదు, చక్రం దగ్గర లాగుడు పెరుగుతుంది. బురదలో దిగిన బండికి కావలసింది రెండోదే.

ముందు 10 పళ్లు, వెనుక 60 పళ్లు అనుకోండి. నిష్పత్తి ఆరు. ఇంజను 3600 చుట్లు తిరిగితే చక్రం 600 చుట్లు తిరుగుతుంది. 22 అంగుళాల టైరుతో అది గంటకు 63 కిలోమీటర్లు. నిజంగా ఆ వేగంతో ఎక్కడ వెళ్తున్నారు? కొబ్బరి తోటలోనా, చెరువు గట్టు మీదనా? వెనుక 72 పళ్లు పెడితే పైవేగం 53కు తగ్గుతుంది, తోపు సరిగ్గా 20 శాతం పెరుగుతుంది. దేనికీ ప్రాణం మీదికి రాదు. ఇంజను మీద 20 శాతం సంపాదించాలంటే కామ్‌షాఫ్టు, కార్బురేటర్, వాల్వు స్ప్రింగులు అన్నీ మార్చాలి.

అయితే దీనికి ఒక చిక్కు ఉంది. 428 సైజు చైనుకు 60 పళ్ల స్ప్రాకెట్ వ్యాసం 24 సెంటీమీటర్ల పైచిలుకు. 72 పళ్లదైతే 29 దాటుతుంది. నేలకు, స్ప్రాకెట్ అంచుకు మధ్య ఖాళీ రెండున్నర సెంటీమీటర్లు తగ్గుతుంది. వరి కోసిన చేలో మోళ్ల మీద, ఎండిన ట్రాక్టరు చాళ్ల మీద ఆ రెండున్నర సెంటీమీటర్లే చైనును తెంపుతాయి. కింద ఒక ఇనుప పట్టీ రక్షగా వెల్డింగు చేయించండి. ఇంకా ఎక్కువ నిష్పత్తి కావాలంటే మధ్యలో జాక్‌షాఫ్టు (ఇంజనుకు, చక్రానికి మధ్య ఇంకో ఇరుసు) పెట్టి రెండు దశల్లో తగ్గించండి. ముందు స్ప్రాకెట్‌ను ఏడెనిమిది పళ్లకు దించేవారున్నారు, అంత చిన్న చుట్టులో వంగే చైను త్వరగా అరిగిపోతుంది.

టైరు చిన్నది చేసినా ఫలితం ఇదే. 22 అంగుళాల నుంచి 20కి దిగితే పది శాతం తోపు పెరుగుతుంది. కానీ బండి మొత్తం నేలకు దగ్గరవుతుంది కాబట్టి మన బురదకు నేను ఒప్పుకోను.

నా బండికి స్కూటర్ ఇంజను ఉంది, గేర్లు లేవు. నాకు స్ప్రాకెట్ సలహా పనికిరాదు కదా?

మీకు రోలర్లు ఉన్నాయి. బెల్టు నడిపే ముందు కప్పీలో ఉండే రోలర్ల బరువు తగ్గిస్తే కప్పీ ఆలస్యంగా మూసుకుంటుంది, ఇంజను ఎక్కువ చుట్ల దగ్గర నిలబడి లాగుతుంది. రోలరుకు ఒక్కో గ్రాము చొప్పున తగ్గిస్తూ ప్రయత్నించండి. మరీ తేలికవి వేస్తే ఇంజను అరుస్తుంది, బండి కదలదు. బెల్టు పెట్టె మూతకు గాలి రంధ్రాలు ఉంటాయి. వాటి ద్వారా ఇసుక, నీరు వెళ్తే బెల్టు జారి కాలుతుంది. ఆ రంధ్రాలకు గొట్టం తగిలించి సీటు ఎత్తుకు తీసుకురండి.

ఇప్పుడొచ్చే ఇథనాల్ పెట్రోలుతో బలం తగ్గిందని అందరూ అంటున్నారు. నిజమా?

సగం నిజం. బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి అంతే గాలికి ఎక్కువ ఇంధనం కావాలి. మామూలు పెట్రోలు ఒక గ్రాముకు 14.7 గ్రాముల గాలి చాలితే, ఈ మిశ్రమానికి పదమూడున్నర దగ్గరే సరిపోతుంది. సెన్సర్లు ఉన్న కొత్త కారు ఈ తేడాను తనంతట తాను సర్దుకుంటుంది. మీ పంపు ఇంజనులోని కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. పాత పెట్రోలుకు వేసిన జెట్టుతోనే (ఇంధనం వచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్క) పోస్తుంది కాబట్టి మిశ్రమం పలచబడుతుంది. ఇంజను వేడెక్కుతుంది, పికప్ తగ్గుతుంది.

పరీక్ష సులువు. బండిని పూర్తి యాక్సిలరేటరులో బరువు లాగిస్తూ చోకు కొంచెం మూయండి. లాగుడు పెరిగితే మిశ్రమం పలచగా ఉంది, జెట్టు పెంచాలి. తగ్గితే సరిగ్గానో, చిక్కగానో ఉంది. పెంచవలసింది చాలా కొద్ది. ఏడెనిమిది శాతం ఎక్కువ ఇంధనం కావాలంటే రంధ్రం వ్యాసం నాలుగు శాతం లోపు పెరిగితే చాలు. 0.70 మిల్లీమీటర్ల జెట్టయితే 0.72 లేదా 0.73. గుండుసూదితో రంధ్రం పొడిచి పెద్దది చేసే ఉపాయం మాత్రం చేయకండి. అది గుండ్రంగా రాదు, ఎంత పెరిగిందో తెలియదు, వెనక్కి తీసుకోలేరు. ప్లగ్గు రంగు చూసి చెప్పే పాత పద్ధతి ఇప్పటి పెట్రోలుతో మునుపటిలా తేటగా చెప్పదు. అయినా తెల్లగా సున్నం కొట్టినట్టుంటే పలచన, పొడి మసి పట్టి ఉంటే చిక్కన అన్నంత వరకు నమ్మవచ్చు.

మన ప్రాంతానికి అసలు సమస్య ఇంకొకటి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. ఉప్పుగాలిలో, వర్షాకాలంలో, సగం నిండిన ట్యాంకులో నెలల తరబడి ఉంచితే నీరు, ఇథనాల్ కలిసి అడుగుకు చేరతాయి. కార్బురేటర్ పీల్చేది అడుగునుంచే. జూలైలో వరదొచ్చిందని షెడ్డులో పెట్టి సంక్రాంతికి బయటకు తీసిన బండ్లన్నీ ఒకే రకంగా దగ్గుతాయి. బండిని పక్కన పెట్టేటప్పుడు కార్బురేటర్ గిన్నె ఖాళీ చేయండి. పాత రబ్బరు గొట్టాలను కూడా ఒకసారి వంచి చూడండి, పగుళ్లు కనబడితే మార్చేయండి.

సైలెన్సర్ తీసేస్తే?

చెవులు పోతాయి, ఊరివాళ్లు వస్తారు. గరిష్ఠ చుట్లు కట్టేసి ఉన్న చిన్న ఇంజనులో దీనివల్ల వచ్చే లాభం మీ స్టాప్‌వాచ్ పట్టుకోలేనంత తక్కువ. పైగా పొగ సులువుగా పోతే గాలి కాస్త ఎక్కువ వస్తుంది, జెట్టు మార్చకపోతే మిశ్రమం ఇంకా పలచబడుతుంది. ఎండుగడ్డి, వరికుప్పల మధ్య తెరిచిన గొట్టంతో నిప్పురవ్వలు ఎగజిమ్ముతూ తిరగడం ఎంత తెలివైన పనో మీరే ఆలోచించండి.

వేసవిలో నా బండి నీరసపడుతుంది. నా భ్రమా?

భ్రమ కాదు. సముద్రమట్టానికి దగ్గరగా ఉండడం మనకు వరం, ఎత్తు ప్రాంతాలవారు కోల్పోయే బలం మనం కోల్పోము. ఆ వరాన్ని వేడి, ఉక్కపోత కలిసి కొంత తినేస్తాయి. 20 డిగ్రీల చలి ఉదయం నుంచి 40 డిగ్రీల మధ్యాహ్నానికి గాలి సాంద్రత ఆరు శాతం పైగా తగ్గుతుంది. ఉక్కపోతలో గాలిలోని నీటి ఆవిరి మరో మూడు నాలుగు శాతం చోటు ఆక్రమిస్తుంది. సిలిండరులోకి అదే పరిమాణం వెళ్తుంది, అందులో మండించే ఆక్సిజన్ తక్కువ.

ఎండను మార్చలేము. కానీ చాలా బగ్గీల్లో ఎయిర్ ఫిల్టరు ఇంజను వేడి రెక్కల పక్కనే ఉంటుంది. 35 డిగ్రీల గాలి ఉండగా 60 డిగ్రీల గాలి పీల్చే ఇంజను ఊరికే ఏడు శాతం పోగొట్టుకుంటుంది. ఒక రబ్బరు గొట్టంతో ఫిల్టరును సీటు వెనుక, తల ఎత్తున పెట్టండి. చల్లటి గాలి వస్తుంది, దుమ్ము తగ్గుతుంది, బోదె దాటేటప్పుడు నీరు పీల్చదు. మూడు పనులు ఒకే గొట్టంతో అయ్యాయి. ఫిల్టరు తీసేసి నడిపితే ఇంకా బాగా లాగుతుంది కదా అని మాత్రం అడగకండి. సన్నటి గోదావరి ఇసుక రింగులను ఎంత త్వరగా అరగదీస్తుందో చూసినవారు ఆ మాట ఎత్తరు. ఫోము ఫిల్టరును కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, ఇంజను ఆయిల్‌లో ముంచి గట్టిగా పిండి వేయండి.

ఇంజను చుట్లు హద్దు దాటకుండా ఆపే గవర్నర్ తీసేస్తే ఇంజను రెట్టింపు తిరుగుతుందట. తీయమంటారా?

వద్దు. ఈ ఒక్క ప్రశ్నకే నేను ఓపికగా, వివరంగా జవాబు చెబుతాను, ఎందుకంటే ఈ తప్పు నేను చేశాను.

బలం అంటే తిప్పుడు బలాన్ని (టార్క్) చుట్లతో హెచ్చించినది. న్యూటన్ మీటర్లను నిమిషపు చుట్లతో హెచ్చించి 7121తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. 3600 దగ్గర 10.9 న్యూటన్ మీటర్లు ఉంటే 5.5. ఈ ఇంజను తిప్పుడు బలం శిఖరం 2500 చుట్ల దగ్గరే ఉంది, ఆపైన తగ్గుతూ పోతుంది. చిన్న కార్బురేటర్, చిన్న వాల్వులు అంతకంటే ఊపిరి తీసుకోనివ్వవు. 5000 దగ్గర తొమ్మిదికి దిగిందనుకుంటే వచ్చేది 6.3. అంటే ఇంత సాహసానికీ దక్కేది ఒక హార్స్‌పవర్ కూడా కాదు.

మూల్యం చూడండి. తిరిగే భాగాల మీద ఒత్తిడి చుట్ల వర్గంతో పెరుగుతుంది. 3600 నుంచి 5400కు వెళ్తే చుట్లు ఒకటిన్నర రెట్లు, ఒత్తిడి రెండుంబావు రెట్లు. పిస్టన్‌కు తగిలించిన పోతపోసిన అల్యూమినియం కనెక్టింగ్ రాడ్డు, పోత ఇనుము ఫ్లైవీల్ ఆ ఒత్తిడికి చేసినవి కావు. నా ఇంజనులో రాడ్డు తెగి, కేసింగును చీల్చుకుని బయటకు వచ్చింది. నూనె వేడి సైలెన్సరు మీద పడి పొగ లేచింది. అదృష్టం కొద్దీ నా కాళ్లు అటువైపు లేవు. ఆ చిల్లు కేసింగు ఇప్పుడు మా షెడ్డులో స్క్రూడ్రైవర్లు పెట్టుకునే స్టాండు. ఫ్లైవీల్ పగిలి ఉంటే ఈ జవాబు రాయడానికి నేను ఉండేవాడిని కాదేమో.

తీసే తీరాలనుకునేవారు ముందుగా దృఢమైన రాడ్డు, గట్టి ఫ్లైవీల్, బలమైన వాల్వు స్ప్రింగులు వేసుకోవాలి. అవన్నీ కొనే డబ్బుతో 389 సీసీ ఇంజను వస్తుందేమో ముందు ధర అడగండి. జీఎక్స్390 మామూలు 3600 చుట్ల దగ్గరే 11.7 హార్స్‌పవర్ ఇస్తుంది, ఏమీ పగలదు.

లేత్ మీద హెడ్ చెక్కించి కంప్రెషన్ పెంచితే?

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు. కంప్రెషన్ నిష్పత్తి ఎనిమిదిన్నర అనుకుందాం. అర మిల్లీమీటరు చెక్కితే తొమ్మిది దాటుతుంది. సిద్ధాంతం ప్రకారం లాభం రెండు శాతం. అంటే 5.5 కాస్తా 5.6 అవుతుంది. టైరు గాలి తగ్గించి అంతకు పదింతలు మిగుల్చుకున్న సంగతి గుర్తుందా? పైగా హెడ్ వంకరగా చెక్కితే గ్యాస్కెట్ ఊదేస్తుంది. నాకు ఒకచోట అలాగే చెక్కి ఇచ్చారు, నిలబెట్టి చూస్తే ఒకవైపు సన్నం, ఒకవైపు మందం. హెడ్ కొత్తది కొనవలసి వచ్చింది.

ఖరీదైన స్పార్క్ ప్లగ్గు, పెట్రోలులో వేసే సీసా మందులు, కిరోసిన్ కలపడం?

బాగున్న మామూలు ప్లగ్గును ఖరీదైన ప్లగ్గుతో మారిస్తే దాని ఆయుష్షు పెరుగుతుంది, బలం పెరగదు. ప్లగ్గు ఖాళీ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉంచండి చాలు. సీసా మందులకు పెట్టే డబ్బుతో పూతరేకులు కొనుక్కోండి, కనీసం తిన్న తృప్తి ఉంటుంది. కిరోసిన్ ఆక్టేన్ తక్కువ, సమయం కాకుండానే మండి ఇంజను టకటకమని కొట్టుకుంటుంది (నాక్), పిస్టన్ పాడవుతుంది.

ఇవన్నీ చేశాను. ఇంకా చాలడం లేదు. పల్సర్ ఇంజనా, మారుతి 800 ఇంజనా?

ఇప్పుడు ఇంజను మార్చే హక్కు మీకు వచ్చింది.

పల్సర్ 220 ఇంజను ఇరవై హార్స్‌పవర్‌కు అటూ ఇటూ ఇస్తుంది. గేరుబాక్సు దానిలోనే ఉంది, చైను తగిలిస్తే నడుస్తుంది. లోటు రెండు. మొదటిది, వెనక్కి వెళ్లే గేరు లేదు. చెరువు గట్టు చివరకు వెళ్లాక దిగి, బండిని చేత్తో తిప్పుకోవాలి. రెండోది, మోటారుసైకిల్ మీద ఎదురుగాలి తగిలి చల్లబడే ఇంజను బగ్గీలో సీటు వెనుక దాక్కుంటుంది, పైగా బురదలో వేగం ఉండదు. ఫ్యాను పెట్టకుండా బిగించిన బండ్లు వేసవిలో పిస్టన్ పట్టేసి వస్తాయి. ఆయిల్ కూలరును ఎత్తున, గాలి తగిలేచోట పెట్టి, వెనుక చిన్న కారు ఫ్యాను బిగించండి. దాని బలం కూడా పై చుట్లలోనే ఉంటుంది. కాబట్టి వెనుక నిష్పత్తి బాగా పెంచకపోతే ఇసుకలో క్లచ్చు కాలిపోతుంది.

మారుతి 800 ఇంజను 796 సీసీ, మూడు సిలిండర్లు. కార్బురేటర్ రకం 37 హార్స్‌పవర్, 59 న్యూటన్ మీటర్లు. ఆ తిప్పుడు బలం 2500 చుట్ల దగ్గరే దొరుకుతుంది. మన నేలకు సరిగ్గా సరిపోయే స్వభావం అది. గేరుబాక్సు, డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలు వేర్వేరు వేగంతో తిరగనిచ్చేది) ఒకే ముక్కగా వస్తాయి, రివర్సు గేరు ఉంటుంది, మొత్తాన్ని ఎత్తి వెనుక చక్రాల మధ్య పెట్టవచ్చు. అయితే బరువు పెరుగుతుంది, రేడియేటరు కావాలి, మీ పాత చాసిస్ పైపులు, బ్రేకులు దానికి చాలవు. ఇంజను చవకే, దాని చుట్టూ కొత్త బండి కట్టడమే ఖర్చు. కొనేటప్పుడు పాత కారు కాగితాలు, ఇంజను నంబరు చూసి కొనండి.

మధ్యేమార్గం ఒకటి ఉంది. చిన్న ఇంజనుకు మహీంద్రా ఆల్ఫా ఆటో గేరుబాక్సు తగిలించడం. నాలుగు ముందు గేర్లు, ఒక రివర్సు, డిఫరెన్షియల్ అన్నీ ఉంటాయి. ఇంజినీరింగు విద్యార్థులు సొంతంగా కట్టిన బగ్గీలతో పాల్గొనే బాహా పోటీలకు బండ్లు కట్టిన జట్లు దీన్ని బాగా వాడాయి. ఆ పోటీల్లో చాలా ఏళ్లు అందరికీ ఒకే 305 సీసీ, 10 హార్స్‌పవర్ ఇంజను, దాన్ని మార్చడానికి వీల్లేదు. కాబట్టి గెలుపంతా బరువు తగ్గించడంలోను, గేర్ల లెక్కలోను ఉండేది. జూనియర్లకు నేను చెప్పేది కూడా ఇదే: పది కిలోల ఇనుము తగ్గించిన జట్టు ఇంజను జోలికి వెళ్లకుండానే ముందుకు వెళ్తుంది.

బలం పెంచాక ఎక్కడ నడపాలి?

మీ సొంత తోటలో, అనుమతి ఇచ్చినవారి చేలో. రిజిస్ట్రేషన్ లేని బండిని బహిరంగ రహదారి మీద నడపడం మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ ప్రకారం తప్పు. పుంత కూడా పదిమంది నడిచే దారే. ఏటిగట్టు మీద మాత్రం సరదాకు కూడా వద్దు. వరద వచ్చినప్పుడు లంకలకూ ఊళ్లకూ అడ్డం నిలబడేది ఆ మట్టే, దాన్ని చక్రాలతో చాళ్లు తీయకూడదు. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలో ఇసుక తవ్వి గుడ్లు పెడతాయి, ఆ రోజుల్లో బీచి జోలికి వెళ్లకండి. కోరంగి మడ అడవులు అభయారణ్యం, అక్కడ బగ్గీ మాటే లేదు.

బోదె దాటుతుంటే ఇంజను నీరు మింగి ఆగిపోయింది. ఇప్పుడేం చేయాలి?

మొదట తాడు లాగకండి, సెల్ఫ్ కొట్టకండి. సిలిండరులో నీరుంటే పిస్టన్ దాన్ని నొక్కలేదు, రాడ్డు వంగుతుంది. బండిని గట్టుకు లాగి, ప్లగ్గు విప్పి, అప్పుడు తాడు మెల్లగా లాగితే నీరు రంధ్రంలోంచి చిమ్ముతుంది. చిమ్మడం ఆగేదాకా లాగండి. కార్బురేటర్ గిన్నె కింద మరను వదులు చేసి నీరు, పెట్రోలు పారబోయండి. ఎయిర్ ఫిల్టరు పిండండి. ఇంజను ఆయిల్ మజ్జిగలా తెల్లగా మారి ఉంటే మొత్తం దింపి కొత్తది పోసి, పది నిమిషాలు నడిపి, దాన్నీ దింపి మళ్లీ కొత్తది పోయాలి. మొదటిసారికి చవక నూనె చాలు.

అంతర్వేది వైపు ఉప్పునీరైతే ఇవన్నీ అదే రోజు చేయాలి. ముందుగా మంచినీటితో బయట, ప్లగ్గు బిగించి ఉండగానే, బాగా కడగండి. రేపు చూద్దాం అని వదిలేస్తే సిలిండరు గోడ తుప్పు పట్టి, రింగులు అతుక్కుపోయి, ఫ్లైవీల్ కదలదు. అలాంటి ఇంజన్లు రెండు ఇప్పటికీ మా షెడ్డు మూలన ఉన్నాయి. విడిభాగాలు ఎవరికైనా కావాలంటే కార్బురేటర్లు బాగానే ఉన్నాయి.